ఉప్పు కాపలా

వాటికి కళ్ళు లేవు.
చెవులున్నాయో లేవో దగ్గరికెళ్ళి చూసి
తిరిగొచ్చి చెప్పినవాడు లేడు.
ఉన్నదల్లా నాలుక,
గుర్రం మెడంత పొడుగు, ఆకురాయంత గరుకు.
ఉప్పూ కారం తిన్న ఒళ్ళు ఎక్కడున్నా
గాలిలోనే పట్టేస్తాయి.

నుకుస్‌లో మొదట పోయినవాళ్ళు ఏడ్చినవాళ్ళే.
ఒక పెళ్ళింట్లో, పిల్లని సాగనంపుతుంటే వచ్చింది మొదటిది.
తర్వాత శవాల దగ్గరికి.
రేడియోలో విన్న ఆఖరి మాట: ఏడవకండి.
చదివినవాడి గొంతు వణికింది.
వాడూ పోయుంటాడు.

మేం ఇటొచ్చాం, అరాల్ అడుగుకి.
యాభై ఏళ్ళ కింద సముద్రం లేచి వెళ్ళిపోయిన చోటు.
ఎటు చూసినా ఉప్పు, మధ్యలో పక్కకి ఒరిగిన ఓడలు.
ఇక్కడ వాటికి మనిషి వాసన విడిగా అందదు.
సంతలో తప్పిపోయిన పిల్లల్లా
నేల నాకుతూ తిరుగుతాయి.
వాటి నడుమే, తుప్పు పట్టిన ఓడ కడుపులో, పదకొండుమందిమి.

లోకంలో ఏడవడానికి మిగిలిన చోటు ఇదొక్కటే.
వంతులేసుకుని ఏడ్చాం.
జుమాగుల్ రెండు రోజులు. ఆమెకి నలుగురు కొడుకులు.
నేను ఒక పూట. ఐపార్షాకి పాలు పట్టాలి మరి.
ఓతెనియాజ్ తాత మాత్రం ఏడవలేదు.
వల లాగే కుర్రాడిగా ఈ ఓడే ఎక్కాడట,
సరంగుగా దిగాడట, నీళ్ళు లేక.
రోజూ పొద్దున్నే పైకెళ్ళి
చుక్కాని చక్రానికి నూనె రాసేవాడు.
నూనె అయిపోయాక, ఉమ్మి.

రాత్రులు చుట్టూరా చప్పుడు.
గరక్, గరక్.
ఇనుముకీ ఉప్పు పడుతుంది కదా.
మేం పేకాడేవాళ్ళం.
పిల్ల ఆ చప్పుడుకే నిద్రపోవడం నేర్చుకుంది.

మార్చిలో వాన పడింది.
ఇక్కడ పడే వాన కాదు అది.
మూడు పగళ్ళు, మూడు రాత్రులు,
ఉప్పు కరిగి పల్లానికి పారింది.
నాలుగో పొద్దున చప్పుడు ఆగింది.
రేకు కన్నంలోంచి చూశాను.
అన్నీ తలలెత్తి ఉన్నాయి.
అన్నీ ఇటే.

పాత చేపల ఫ్యాక్టరీలో దొరికిన ఉప్పు, రెండు బస్తాలు.
ఒకటి నీళ్ళు తాగి ఖాళీ సంచైంది.
రెండోది పదిమందికి వస్తుంది.
లెక్క ఎవరూ పైకి అనలేదు.
ఒకరి వీపుకి ఒకరం రుద్దుకున్నాం, ఎండుచేపలకి పట్టించినట్టు.
పుండ్ల మీద మండుతుంటే జోల్దస్‌బాయ్ గుడ్డ కొరికాడు.
తాత తన చేరెడూ పిల్ల నెత్తిన దులిపి
మెట్లెక్కాడు.

పైనుంచి కేక.
"నీళ్ళు! ఒరే, నీళ్ళొచ్చాయి!"
చీలమండ లోతు నీళ్ళు, ఆకాశమంతా అందులోనే.
తాళ్ళ నిచ్చెన ఓడకి కొట్టుకున్న శబ్దం.
అప్పుడు ఏడ్చాడాయన, యాభై ఏళ్ళదీ ఒక్కసారే.
ఏడుస్తూ ఉత్తరానికి నడిచాడు, లోతు వెతుక్కుంటూ.
అవి తిరిగాయి. ఒక్కోటే ఆయన వెంట,
దూడ వెనక ఆవులు పోతున్నట్టు,
తొందరేం లేకుండా.

కావాలనే వెళ్ళాడంటాడు జోల్దస్‌బాయ్.
సముద్రం చూసి ఒళ్ళు మరిచాడంటుంది జుమాగుల్.
నేను పైకెళ్ళి చక్రం చూశాను.
ఉత్తరానికి తిప్పి, తలగుడ్డతో కట్టేసి ఉంది.

ఎండకి నేల మళ్ళీ తెల్లబడింది.
గరక్, గరక్ మళ్ళీ మొదలు.
పొద్దున లేవగానే ఐపార్షా నుదురు
నాలుకతో నాకి చూస్తాను,
ఉప్పు పొర ఉందో లేదో అని.
కితకితలకి నవ్వుతుంది పిల్ల.
ఉంది.
ఉందని తెలిశాక కూడా
ఇంకోసారి.